కారు బ్యాటరీ ఏల దిగిపోవుచుండును?

ఉదయమున ప్రయాణమునకు సిద్ధమై తాళపుచెవి త్రిప్పగా, ఇంజను మ్రోగుటకు బదులు "టిక్కు, టిక్కు" మను చప్పుడు మాత్రమే వినవచ్చుట కారుగలవారిలో అనేకులకు అనుభవమే. ఇరుగుపొరుగువారు వచ్చి బండిని త్రోసెదరు. లేదా మెకానిక్కు వచ్చి వేఱొక బ్యాటరీనుండి తీగలు తగిలించి కదలించును. ఆ దినము గడచును. నాలుగు దినములకు మరల అదే కథ. అప్పుడు అందఱును ఏకగ్రీవముగా చెప్పు మాట యొక్కటే: "బ్యాటరీ పోయినది, మార్చివేయుడు." వేలకొలది రూపాయలు పోసి క్రొత్తది వేయింతురు. అదియు కొన్ని మాసములు పనిచేసి దిగిపోయినచో దానిని తయారుచేసినవారిని నిందింతురు. జ్వరముతో నున్న రోగికి మందీయక దుప్పటి మార్చుట వంటిది ఈ చికిత్స.

చెరువుల నెఱిగిన మనవారికి ఈ విషయము సులభముగనే బోధపడును. చెరువు వేసవి రాకమునుపే ఎండినచో ఊరిపెద్దలు మూడు సంగతులు విచారింతురు. వాగునుండి నీరు తెచ్చు కాలువ పూడినదా? తూము సరిగా మూతపడక రాత్రింబవళ్లు నీరు కారిపోవుచున్నదా? లేక అడుగున ఒండ్రు పేరుకొని, అలుగు పొర్లునంతగా నిండినట్లు కనబడినను, లోపల పట్టు నీరే కొంచెమైనదా? కారులో కాలువ వంటిది ఆల్టర్నేటరు. ఇంజను తిరుగునపుడు విద్యుత్తును పుట్టించి బ్యాటరీని నింపునది అదియే. తూము వంటివి దీపములు, రేడియో, తాళములు మున్నగు వానికి పోవు తీగలు. ఒండ్రు వంటిది బ్యాటరీ లోపల వయసుతో కలుగు మార్పు. ఈ మూటిలో దోషమెక్కడనో తేల్చుకొనక క్రొత్త బ్యాటరీ వేయించుట, తూము కారుచుండగా క్రొత్త చెరువు త్రవ్వించుకొనుటయే యగును.

బ్యాటరీ యనునది విద్యుత్తును నిలువజేయు పెట్టె యని వాడుక. నిజమునకు అందు నిలువయుండునది రసాయనశక్తి. 1859లో ఫ్రాన్సు దేశస్థుడగు గాస్టన్ ప్లాంటే సీసపురేకులను గంధకామ్లములో ముంచి, మరల మరల నింపుకొనదగిన బ్యాటరీని మొదట నిర్మించెను. మన కార్లలోనిది నేటికిని ఆ వంశములోనిదే. ఒక్కొక్క అరయందు రెండు వోల్టులకు కొంచెము మించిన ఒత్తిడి గలుగును; అట్టి యఱలు ఆరు కలసి 12 వోల్టుల బ్యాటరీ యగును. విద్యుత్తును వాడుకొనునపుడు ఆమ్లములోని గంధకము పలకలకు పట్టి సీసపు సల్ఫేటుగా మారును, ఆమ్లము పలుచనగును. నింపునపుడు సల్ఫేటు కరగి గంధకము మరల ఆమ్లములో చేరును. ఈ రాకపోకలు సాగినంతకాలము బ్యాటరీ బ్రదికియుండును.

కార్లలో దీనికి ప్రాధాన్యము వచ్చినది 1912లో. ఆ సంవత్సరమున అమెరికాలో చార్లెస్ కెటరింగు రూపొందించిన విద్యుత్ స్టార్టరు కెడిలాకు కార్లయందు ప్రవేశించెను. అంతకుముందు ఇనుపహేండిలును చేతితో త్రిప్పి ఇంజనును లేపెడివారు. నేటి కారుకు హేండిలు లేదు. ఆటోమేటిక్ గేర్ల బండిని త్రోసి లేపుటకును వీలులేదు. ఎలక్ట్రిక్ కారులో గూడ పెద్ద బ్యాటరీకి తోడు 12 వోల్టుల చిన్న బ్యాటరీ యొకటి యుండుట చాలమందికి తెలియదు. అది దిగిపోయినచో, పెద్దది నిండుగా నున్నను బండి మేల్కొనదు.

ఇక పరీక్ష. దీనికి కావలసినది మల్టీమీటరు. విద్యుత్ సామానుల దుకాణమున కొన్ని వందల రూపాయలకు దొరకును. బండిని రాత్రియంతయు కదలింపక యుంచి ఉదయమున బ్యాటరీ రెండు ధ్రువములయొద్ద వోల్టులు చూడవలెను. 12.6 గాని అంతకు కొంచెము మించి గాని యున్నచో బ్యాటరీ నిండుగా నున్నది. 12.4 యున్నచో ముప్పాతిక, 12.2 యున్నచో సగము, 12.0 యున్నచో పాతిక మాత్రమే. నిండుటకును పాతికకును నడుమ తేడా 0.6 వోల్టేయని గమనింపుడు. "పన్నెండు వోల్టుల బ్యాటరీలో పన్నెండున్నవి గదా, దోషమేమి?" అని మెకానిక్కు చెప్పిన మాట విని ఎందఱో మోసపోవుదురు. పన్నెండున్న బ్యాటరీ ఖాళీయగుటకు సిద్ధముగా నున్న బ్యాటరీ.

పిదప ఒకరిచేత తాళపుచెవి త్రిప్పించి, ఇంజను తిరుగునపుడు మీటరు చూడవలెను. వోల్టులు 9.6 కంటె క్రిందికి జాఱినచో బ్యాటరీ ఖాళీయైనదో, బలహీనమైనదో యై యుండును. అట్లుగాక 12 దాటి నిలచియుండగా స్టార్టరు తిరుగకున్నచో, దోషము బ్యాటరీలో కాదు, దాని నుండి పోవు త్రోవలో నున్నది. ధ్రువములపై తెల్లగానో పచ్చగానో బూజువలె పేరుకొనునది చాల బండ్లలో ఈ త్రోవకు అడ్డుపడును. వంటసోడా కలిపిన వేడినీటితో కడిగి, పాత టూత్‌బ్రష్షుతో రుద్ది, ఆరిన పిమ్మట క్లాంపులు గట్టిగా బిగించి పైన వ్యాజలైను పూసినచో, క్రొత్త బ్యాటరీ కొనుటకు బయలుదేరిన వారిలో కొందఱు ఇంటికి తిరిగి రావచ్చును. ఎర్తుతీగ ఇంజనుకును బాడీకిని తగులుచోట్లు గూడ ఇట్లే చూడవలెను. దీనిని మఱచువారే హెచ్చు.

త్రోవ బాగుండియు బ్యాటరీ మాటిమాటికి దిగుచున్నచో చేయవలసిన పని యొకటి కలదు. దానికి ఖర్చు లేదు, ఓపిక మాత్రము కావలెను. బ్యాటరీని చార్జరుతో పూర్తిగా నింపించి, ఋణధ్రువపు తీగను విప్పి, రెండు దినములు అట్లే యుంచవలెను. బండికి తగులకయున్న ఆ బ్యాటరీ తనంతట తాను 12.4 కంటె క్రిందికి దిగినచో అది రోగియే. నిలుకడగా 12.6 దగ్గఱ నున్నచో, దానిని అప్పుడే రోగియనరాదు. రాత్రివేళ బండిలో దొంగ యున్నాడేమో వెదకవలెను.

ఈ దొంగను గూర్చియే కొంత విపులముగా చెప్పదలచితిని. ఏలననగా మంచి బ్యాటరీలు అన్యాయముగా మార్చబడుట ఎక్కువగా వీనివలననే. బండి తాళము వేసి నిద్రించునపుడు గూడ గడియారము, తాళముల యంత్రము, దొంగల అలారము, కంప్యూటరు కొంచెము కొంచెముగా విద్యుత్తును త్రాగుచునే యుండును. 50 మిల్లీ ఆంపియర్ల వఱకు ఇది సహజము. దినమునకు 1.2 ఆంపియరు గంటలు. మన చిన్నకార్లలో సాధారణముగా నుండు 35 ఆంపియరు గంటల బ్యాటరీ ఇట్టి త్రాగుడును రెండు వారములు సులభముగా భరించును. కాని ఐదు వాట్ల బుడ్డిదీప మొకటి ఆరకయున్నచో లెక్క మాఱును. అది 0.42 ఆంపియరు తీసికొనును. దినమునకు పది ఆంపియరు గంటలు. మూడవనాటికి బండి లేవదు.

నేనెఱిగిన ఒక డాక్టరమ్మగారు చిన్నపట్టణమున కాన్పులు చేయుదురు. ఆమె కారుకు రెండు సంవత్సరములలో మూడు బ్యాటరీలు మార్చిరి. వర్క్‌షాపులో చూపినప్పుడెల్ల ఆల్టర్నేటరు బాగుగనే యున్నదనిరి. అది నిజము గూడ. క్రొత్త బ్యాటరీ వేసిన ప్రతిసారియు కొన్ని మాసములు ఏ బాధయు నుండెడిది కాదు. కావుననే అందఱును బ్యాటరీలనే శంకించిరి. ఒక ఆదివారపు రాత్రి కాన్పు కష్టమై ఆసుపత్రినుండి పిలుపు రాగా, కారు లేవక, ఆమె ఆటోకొఱకు వీథి చివరివఱకు పరుగెత్తవలసివచ్చెను. తల్లియు బిడ్డయు దక్కిరి. మఱునాడు వచ్చిన ఆటో ఎలక్ట్రీషియను బానెట్టు ఎత్తుటకు ముందు ఒక ప్రశ్న వేసెను: "అమ్మా, ఏ వారమున ఆగిపోవుచున్నది?" ఆమె ఆలోచించి చూడగా, ఇంచుమించు ప్రతిసారియు ఆదివారము రాత్రియో, సోమవారము ఉదయమో!

ఆ జవాబులోనే సగము రోగనిర్ణయము కలదు. తక్కిన దినములలో బండి రాత్రి పండ్రెండు గంటలు నిలుచును. పోవునది ఐదు ఆంపియరు గంటలు. పగలు గంటసేపు తిరిగినచో అది తిరిగి వచ్చును. శనివారము రాత్రి నిలిపిన బండి సోమవారము ఉదయమునకు ముప్పదియాఱు గంటలు నిలుచును, పోవునది పదునైదు. 35 పట్టు క్రొత్త బ్యాటరీలో ఇంకను ఇరువది మిగులును గనుక బండి లేచును. అయితే స్టార్టరు బ్యాటరీ ఒక్క పెట్టున వందల ఆంపియర్లిచ్చి వెంటనే మరల నింపుకొనుటకు చేయబడినది. వారము వారము సగమువఱకు ఖాళీయగుట దానికి సరిపడదు. కొన్ని మాసములలో 35 పట్టునది ఇరువదియే పట్టును. అప్పుడు ఆదివారమును దాటలేదు. క్రొత్త బ్యాటరీ రోగమును కుదుర్చలేదు. రోగమును కొన్ని మాసములు కప్పిపుచ్చినది.

ఎలక్ట్రీషియను చేసిన పరీక్ష ఎవ్వరైనను శ్రద్ధతో చేయదగినదే. ఋణధ్రువపు తీగను విప్పి, ఆ తీగకును ధ్రువమునకును నడుమ మీటరును ఆంపియర్ల స్థానమున పెట్టి తగిలించవలెను. అట్లుండగా పొరపాటుననైనను ఇంజనును స్టార్టు చేయరాదు, పెద్దదీపములు వేయరాదు. మీటరులోని ఫ్యూజు కాలిపోవును. తలుపుల గొళ్లెములను స్క్రూడ్రైవరుతో నొక్కి మూసినట్లు నటింపజేసి, తాళపుచెవిని దూరముగా నుంచి, అరగంటనుండి గంటవఱకు వేచియుండవలెను. ఏలయనగా నేటి కార్లలోని కంప్యూటర్లు వెంటనే నిద్రపోవు. మొదట మీటరు రెండు మూడు ఆంపియర్లు చూపినను గాబరాపడనక్కఱలేదు. అవి నిద్రించిన పిమ్మట మిగిలిన అంకెయే ప్రమాణము.

డాక్టరమ్మగారి బండిలో ఆ యంకె 0.45 వద్ద నిలిచెను. ఫ్యూజులను ఒక్కొక్కటిగా తీయగా, లోపలి దీపముల ఫ్యూజు తీసినతోడనే 0.03 కు పడిపోయెను. ఇక ఏ దీపమో తేలవలెను. తలుపులయొద్ద దీపములు ఆరియున్నవి. డిక్కీలో? మూసిన డిక్కీలోని దీపము వెలుగుచున్నదో లేదో చూచుట ఎట్లు? సెల్‌ఫోనును వీడియో తీయునట్లు పెట్టి డిక్కీ మూసి, నిమిషము తరువాత తెఱచి చూచిరి. వీడియోయందు దీపము వెలుగుచునే యున్నది. మూతయొక్క చిన్న రబ్బరు బుడిపె యొకటి ఊడిపోవుటచే స్విచ్చు నొక్కబడుట లేదు. మూడు బ్యాటరీలను తినినది ఆ రబ్బరు ముక్క లేకపోవుటయే.

ఫ్యూజు తీసినపుడును, మరల పెట్టినపుడును కొన్ని క్రొత్త కార్లలో కంప్యూటర్లు మేల్కొని లెక్క తప్పించును. అట్టి బండ్లలో ఫ్యూజును తీయకయే దాని వీపున కనబడు రెండు లోహపుబిందువుల నడుమ మిల్లీవోల్టులు చూచుట మేలు. ప్రవాహమున్న ఫ్యూజు ఏదో యొక అంకె చూపును, లేనిది సున్న చూపును. తీగ చుట్టును పట్టుకొని కొలుచు క్లాంపు మీటరున్నచో తీగ విప్పు పనియే యుండదు. అయితే అది నేరువిద్యుత్తును, చిన్న యంకెలను గూడ చూపగలదై యుండవలెను.

ఫ్యూజులన్నియు తీసినను అంకె తగ్గకున్నచో శంకింపవలసినది ఆల్టర్నేటరును. దాని లావుతీగ మామూలు ఫ్యూజుల పెట్టెతో నిమిత్తము లేక బ్యాటరీని చేరును. అందలి డయోడులు విద్యుత్తును ఒకేవైపు పోనిచ్చు కవాటముల వంటివి. ఒకటి చెడినచో, పగలు నింపిన నీరు రాత్రి ఆ కాలువగుండనే వెనుకకు పోవును. నింపువాడే దొంగయగుటచే ఇది కనిపెట్టుట కష్టము. బ్యాటరీ తీగ విప్పి, ఆల్టర్నేటరు లావుతీగను వేఱుచేసి, దాని కొనకు ఇనుము తగులకుండ గుడ్డ చుట్టి, మరల కొలిచినప్పుడు అంకె పడిపోయినచో సందేహము తీఱును.

కారు కొనిన తరువాత మనము బిగించుకొనిన సామగ్రిని తొలుత అనుమానించుట న్యాయము. డాష్ కెమెరా, జి.పి.ఎస్. ట్రాకరు, పెద్ద శబ్దపు ఆంప్లిఫయరు, బయట వేయించిన సెంట్రల్ లాకు — వీనిని తాళపుచెవితో ఆరిపోవు తీగకు గాక ఎల్లప్పుడు ప్రవాహముండు తీగకు తగిలించిన బండ్లు ఎన్నో. అద్దముపై నంటించిన ఫాస్టాగు మాత్రము నిర్దోషి. అది టోలుగేటునుండి వచ్చు రేడియోతరంగముల శక్తితోనే పలుకును, బ్యాటరీని తాకదు.

కాలువ సంగతి త్వరగా చెప్పవచ్చును. ఇంజను నడచుచుండగా బ్యాటరీవద్ద 13.8 మొదలు 14.5 వోల్టులవఱకు ఉండవలెను. ఇంజను ఆగియున్నప్పటి యంకెయే నడచునప్పుడును ఉన్నచో నింపుట జరుగుట లేదు. బెల్టు వదులైనదో, ఆల్టర్నేటరు బ్రష్షులు అరిగినవో చూపించవలెను. 15 దాటినచో నీరు ఉడికి ఆవిరియై పలకలు చెడును. అయితే క్రొత్త బండ్లలో పెట్రోలు ఆదాకొఱకు కంప్యూటరే అప్పుడప్పుడు వోల్టులు తగ్గించుచుండును. కావున ఒక్కసారి 12.8 కనబడినంత మాత్రమున ఆల్టర్నేటరును విప్పించరాదు; పెద్దదీపములు వేసి, కొంతసేపు నడిపి, మరల చూడవలెను.

2020 మార్చిలో దేశమంతట లాక్‌డౌను వచ్చినప్పుడు నెలల తరబడి కార్లు నిలిచిపోయి, వేలాది ఇండ్లలో బ్యాటరీలు దిగిపోయినవి. అప్పుడు చాలమంది వారమున కొకసారి పది నిమిషములు ఇంజను నడిపి తృప్తిపడిరి. నిలకడ వేగమున ఆల్టర్నేటరు పది ఆంపియర్లు బ్యాటరీకి ఇచ్చినదనుకొన్నను, పది నిమిషములలో వచ్చునది ఒకటిన్నరకు కొంచెము పైన. వారములో సహజముగా పోవునది ఐదు మొదలు ఎనిమిది. జీతముకంటె ఖర్చు హెచ్చైన సంసారము! నెలరోజులు ఊరికి పోవువారు ఋణధ్రువపు తీగ విప్పిపోవుట మేలు. అలారము, గడియారము మరల సరిచేసికొనవలసివచ్చును గాని బ్యాటరీ నిలుచును.

ఇక ఒండ్రు. సగము ఖాళీయైన బ్యాటరీని అట్లే వదలినచో, పలకలపై మెత్తగా నున్న సల్ఫేటు గట్టిపడి స్ఫటికములగును. పిదప ఎంత నింపినను కరగదు. అప్పుడు మీటరు 12.6 చూపవచ్చును, కాని స్టార్టరు భారము పడినతోడనే వోల్టులు కూలిపోవును. అలుగు పొర్లుచున్నను పైరుకు చాలని చెరువు. చలిదేశములలో శీతకాలపు ఉదయమున బ్యాటరీలు మొరాయించును గనుక చలియే శత్రువని పుస్తకములలో చదువుదుము. చలి బయటపెట్టునది మాత్రమే, చంపునది వేడిమి. ఉష్ణము పది డిగ్రీలు హెచ్చినచో లోపలి రసాయనక్రియలు ఇంచుమించు రెట్టింపు వేగమున సాగి, ఆయువు సగమగునని స్థూలమైన లెక్క. రెంటచింతలలోనో, రామగుండములోనో రోహిణికార్తె యెండలో నిలిపిన బండి బానెట్టు క్రింద బ్యాటరీ యెంత ఉడుకునో ఊహించుకొనవచ్చును. మన ప్రాంతమున మూడు నాలుగు సంవత్సరములు నిలిచిన బ్యాటరీ తన ఋణము తీర్చుకొన్నట్లే.

మూతలు తీయ వీలున్న బ్యాటరీయైనచో రెండు మాసముల కొకసారి నీటిమట్టము చూచి, పలకలు మునుగునట్లు డిస్టిల్డు వాటరు మాత్రమే పోయవలెను. ఆమ్లము పోయరాదు, ఆవిరియైపోవునది నీరే గాని ఆమ్లము కాదు. కుళాయినీటిలోని లవణములు పలకలకు విషము. హైడ్రోమీటరుతో ఒక్కొక్క అరను చూచినచో నిండినప్పుడు 1.265 దగ్గఱ నుండును. ఐదు అరలు సమానముగా నుండి ఆఱవది 0.050 మేర తగ్గియున్నచో ఆ యఱ చెడినది; అట్టి బ్యాటరీకి చికిత్స లేదు. మూతలు లేని బ్యాటరీలపై కొన్నిటికుండు పచ్చని "కన్ను" ఒక్క అర సంగతి మాత్రమే చెప్పును. మిగిలిన ఐదింటిని గూర్చి దానికేమియు తెలియదు.

బ్యాటరీ నిండునపుడు హైడ్రోజను వెలువడును. దగ్గఱ చుట్ట, సిగరెట్టు, నిప్పుపుల్ల పనికిరావు. చేతి ఉంగరము, కడియము తీసివేయుట మంచిది. స్పానరుతో పాటు అవియు ధనధ్రువమునకును బాడీకిని నడుమ తగిలినచో ఎఱ్ఱగా కాలును. విప్పునపుడు ఋణధ్రువము ముందు, బిగించునపుడు అది చివర. వేఱొక బండినుండి తీగలు తగిలించునపుడు ఎఱ్ఱతీగను మొదట దిగిపోయిన బ్యాటరీ ధనధ్రువమునకు, పిదప మంచిదాని ధనధ్రువమునకు. నల్లతీగను మంచిదాని ఋణధ్రువమునకు, చివరికొనను దిగిన బండి ఇంజనుమీద బ్యాటరీకి దూరముగా నున్న లోహమునకు తగిలించవలెను. చివర తగిలించునపుడు నిప్పురవ్వ యెగురును. అది హైడ్రోజను చెంత ఎగురరాదనియే ఈ వరుస.

పరీక్షలన్నియు జరిపి బ్యాటరీయే చెడినదని తేలినచో, కొనుటకు ముందు పాతదానికి దుకాణములో లోడు పరీక్ష చేయించి యంకెలు చూపుమనుడు. బండి ఎఱ్ఱదీపములకడ ఇంజనును ఆపి తిరిగి లేపు రకమైనచో, దానికి తగిన ఇ.ఎఫ్.బి. గాని ఏ.జి.ఎం. గాని రకమునే అడుగవలెను. మామూలుది చౌకగా వచ్చినను త్వరలో పోవును. క్రొత్తదానిమీద తయారైన నెల చూడుడు. ఆఱు మాసములు అరపై కూర్చున్న బ్యాటరీ అప్పటికే కొంత ఒండ్రు పట్టియుండును. పాతదానిని దుకాణమునకే ఇచ్చివేయుడు. అందలి సీసమునకు విలువగట్టి ధరలో తగ్గింతురు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థముల నిబంధనల ప్రకారము వాడిన బ్యాటరీలు తిరిగి సేకరింపబడవలసినవే. బిగించిన నాటి రాత్రియే మీటరుతో నిద్రావస్థ ప్రవాహము నొకమాఱు కొలిచి, ఆ యంకెను తేదీతో సహా బ్యాటరీ వారంటీ కాగితముపై వ్రాసి యుంచుడు.